కుండీలో దానిమ్మ, మోసిన చేతులు

ఈసారి పోస్టు పొడుగ్గా ఉంటుంది. ఆదివారం తీరిగ్గా కూర్చొని చదువుకోండి.

పోయిన వారం మా సైట్ తమ్ముడు ఒకడు కల్యాణదుర్గం నుంచి ఫోన్ చేసినాడు. లీవుకు పోయి తిరిగి వస్తున్నాడు. "అన్నా, మా నాయన తోటలో ఒకే ఒక్క దానిమ్మ చెట్టు మిగిలింది. ఒక కొమ్మ కోసి తడిగుడ్డ చుట్టి సూట్‌కేసులో పెట్టుకొస్తా. నువ్వు బాల్కనీలో పెంచినావు కదా, నాకూ నేర్పించు" అన్నాడు.

వద్దు అన్నాం. ఎందుకన్నా అన్నాడు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. ఒక్క తమ్ముడికే కాదు, ఊరి చెట్టు మీద మనసున్న అందరికీ పనికొస్తుంది.

మా సంగతి తెలియని వాళ్ళకు ముందు ఒక మాట. మేము ముగ్గురం ఫ్రాంక్‌ఫర్ట్‌లో గ్రీస్‌హైమ్ వైపు ఒక ఫ్లాటులో ఉంటాం, మూడో అంతస్తు. బాల్కనీలో ఒక దానిమ్మ చెట్టు ఉంది. వయసు ఏడేళ్ళు, ఎత్తు మోకాలి వరకే. మొదలు మాత్రం మన బొటనవేలికంటే లావు. మొక్కనో అంటునో కొని తెచ్చింది కాదు. స్టేషన్ దగ్గర మ్యూన్షనర్ స్ట్రాసెలో టర్కీ వాళ్ళ అంగడిలో ఒక కాయ కొని, తిని, గింజలు వేసినాం. మొలిచింది. చూసినోళ్ళు బోన్సాయ్ అంటారు. మేము దానిమ్మ అనే అంటాం.

చెట్టును కుండీలో పెట్టి చిన్నగా పెంచడం జపాన్ వాళ్ళు కనిపెట్టినారని మేము కూడా చాలా కాలం అనుకున్నాం. అది సగమే నిజం. మొదలుపెట్టింది చైనా వాళ్ళు. చైనాలో టాంగ్ రాజుల కాలం నాటి ఒక రాకుమారుడి సమాధి ఉంది. పేరు జాంగ్‌హ్వాయ్, సమాధి కట్టింది క్రీ.శ. 706లో. లోపల గోడల మీద బొమ్మలున్నాయి. అందులో ఒక పనిమనిషి రెండు చేతులతో ఒక పళ్ళెం పట్టుకొని నిలబడి ఉంటుంది. పళ్ళెంలో చిన్న రాళ్ళు, చిన్న చెట్లు. కుండీలో చెట్టుకు సంబంధించి దొరికిన పాత ఆధారాల్లో ఇది ముఖ్యమైనదని చెప్తారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ బొమ్మలో చెట్టును మోస్తున్నది రాకుమారుడు కాదు, పనిమనిషి. ఆమె పేరు ఎవరికీ తెలీదు. సమాధికి మాత్రం రాకుమారుడి పేరే ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పోస్టు అయిపోయేలోపు మళ్ళీ మళ్ళీ వస్తుంది.

దానిమ్మ చైనాది కూడా కాదు. దాని పుట్టిల్లు ఇరాన్ నుంచి మన ఉత్తరాది కొండల దాకా ఉన్న ప్రాంతం. పట్టు వ్యాపారం నడిచిన దారిలో అది తూర్పుకు పోయింది. చైనా వాళ్ళు మొదట్లో దాన్ని 'అన్‌షీల్యూ' అనేవాళ్ళు. ఆ పేరులో 'అన్' అనేది పార్థియా రాజ్యానికి, అంటే పాత ఇరాన్‌కు, వాళ్ళు పెట్టుకున్న పేరులోది. అంటే చెట్టు పేరులోనే అది ఏ ఊరిదో రాసి ఉంది. మనల్ని ఇక్కడ సైట్‌లో 'ఇండర్' అని పిలిచినట్టే.

కుండీలో చెట్టు పెంచే విద్య చైనా నుంచి జపాన్ చేరింది. 1309 నాటి ఒక బొమ్మల చుట్టలో పళ్ళేల్లో పెంచిన చిన్న చెట్లు కనిపిస్తాయి. 'బోన్' అంటే పళ్ళెం, 'సాయ్' అంటే నాటడం. అంతే ఆ మాటకు అర్థం. దానిమ్మ కూడా అక్కడికి పోయింది. మొదలు తాడు మాదిరి మెలి తిరిగే ఒక రకాన్ని జపాన్ వాళ్ళు 'నెజికాన్' అని పిలిచి బోన్సాయ్‌కి ఇష్టంగా పెంచుతారు. 1923లో టోక్యోలో పెద్ద భూకంపం వచ్చి నిప్పు అంటుకొని ఊరు కాలిపోయినప్పుడు, అక్కడ బోన్సాయ్ పెంచి బతికేవాళ్ళు కొందరు ఊరు వదిలి ఒమియా అనే చోటికి పోయినారు. 1925 నుంచి అక్కడ ఒక బోన్సాయ్ పల్లె తయారైంది, ఇప్పటికీ ఉంది. ఇల్లు పోయిన మనిషి ముందు పిల్లల్ని, తర్వాత కుండీల్ని ఎత్తుకొని నడిచి ఉంటాడు అని మాకు అనిపిస్తుంది. కుండీలో ఉన్న చెట్టుకు ఆ ఒక్క సౌకర్యం ఉంది. ఎత్తుకొని పోవచ్చు.

ఇప్పుడు మనం ఉండే దేశం వైపు వద్దాం. యూరప్ వాళ్ళు కుండీలో చెట్టు పెట్టింది చిన్నగా చేయడానికి కాదు, చలి నుంచి కాపాడుకోవడానికి. నారింజ, నిమ్మ, దానిమ్మ వెచ్చటి దేశాల చెట్లు. రాజులకు వాటి మీద మోజు. ఇక్కడ నేలలో పెడితే చలికాలం గట్టెక్కవు. అందుకని చెక్క తొట్టెల్లో పెట్టి, చలికాలం లోపలికి, ఎండాకాలం బయటికి మోయించేవాళ్ళు. వాటి కోసం కట్టిన ఇళ్ళనే ఆరాంజెరీ అంటారు.

మనకు దగ్గర్లో హైడెల్‌బర్గ్ కోట చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. 1610ల్లో అక్కడ సలోమోన్ ద కో అనే ఇంజనీరు రాజు కోసం కొండను చెక్కి పెద్ద తోట వేసినాడు. నారింజ చెట్లకు ఏం చేసేవాళ్ళో తెలుసా? చలి మొదలయ్యే ముందు చెట్ల చుట్టూ చెక్కతో పెద్ద షెడ్డు కట్టేవాళ్ళు, లోపల పొయ్యిలు పెట్టేవాళ్ళు. ఎండలు రాగానే మొత్తం విప్పేసేవాళ్ళు. మన స్కాఫోల్డింగ్ పనే. ఏటా కట్టు, ఏటా విప్పు. ఆ తోట పూర్తికాక ముందే ముప్పై ఏళ్ళ యుద్ధం వచ్చింది. 1619లో రాజు వేరే రాజ్యం దొరికిందని పోయినాడు, తోట పాడైపోయింది. ఇప్పుడు అక్కడ మెట్లలాగా ఉన్న ఖాళీ నేల, రాతిగోడలు చూడొచ్చు.

ఫ్రాన్స్‌లో వెర్సాయ్ కోటది ఇంకా పెద్ద కథ. 1684 నుంచి 1686 వరకు కట్టిన ఆరాంజెరీ అది. కట్టడం పని చేసే మనకు లెక్క చెప్తే అర్థమవుతుంది: నడిమి హాలు పొడవు 150 మీటర్ల పైన, గోడల మందం 4 నుంచి 5 మీటర్లు, కిటికీలన్నీ దక్షిణం వైపు, వాటికి రెండు వరసల అద్దాలు. పొయ్యి లేకుండానే చలికాలంలో లోపల 5 డిగ్రీల కింద పడకుండా ఉండేట్టు కట్టినారు. మనం ఈరోజు గోడకు ఇన్సులేషన్ అతికించి సాధించేది వాళ్ళు రాయితోనే సాధించినారు. ఇప్పటికీ అక్కడ వెయ్యికి పైగా తొట్టెల చెట్లున్నాయి. అందులో దానిమ్మలూ ఉన్నాయి. కొన్ని చెట్ల వయసు 200 ఏళ్ళ పైనే.

ఆ తొట్టెలో ఒక కిటుకు ఉంది. నలుచదరపు చెక్కపెట్టె, పక్క పలకలు తలుపుల్లాగా ఊడి వస్తాయి. చెట్టును పైకి లాగే పని లేకుండా పక్క పలక తీసి, పాత మట్టి గీకి, ముదిరిన వేర్లు కోసి, కొత్త మట్టి పెట్టి మూసేస్తారు. మన షట్టరింగ్ పలకలు విప్పినట్టే. మే నెలలో బయటికి, అక్టోబరులో లోపలికి. మూడు వందల ఏళ్ళకు పైగా ఇదే పని. రాజు పోయినాడు, రాచరికం పోయింది, చెట్లు మాత్రం ఉన్నాయి. ఎందుకున్నాయి? ప్రతి అక్టోబరులో ఎవరో ఒకరు మోసినారు కాబట్టి. ఒక్క ఏడాది మోయకపోయినా ఆ చెట్టు కథ అక్కడితో అయిపోయేది.

ఫ్రాంక్‌ఫర్ట్‌కు వద్దాం. బోకెన్‌హైమర్ వార్టె దగ్గర పాల్మెన్‌గార్టెన్ ఉంది కదా. టికెట్ తీసుకొని లోపలికి పోయి ఫోటోలు దిగి వస్తాం. అది ఎట్లా వచ్చిందో మాకు చాలా ఏళ్ళు తెలీదు. 1866లో ప్రష్యా రాజ్యం యుద్ధం గెలిచి ఈ చుట్టుపక్కల రాజ్యాలను కలిపేసుకుంది. అంతవరకు ఎవరి కిందా లేని ఫ్రాంక్‌ఫర్ట్ నగరాన్నీ కలిపేసుకుంది, పక్కనున్న నాసావ్ రాజ్యాన్నీ కలిపేసుకుంది. నాసావ్ రాజు అడాల్ఫ్‌కు రైన్ నది ఒడ్డున బీబ్రిచ్‌లో అద్దాల ఇళ్ళు, వాటి నిండా వెచ్చటి దేశాల మొక్కలు ఉండేవి. రాజ్యం పోయినాక వాటిని అమ్మకానికి పెట్టినాడు. హైన్రిచ్ జీస్మాయర్ అనే తోటల పనివాడు మధ్యలో నిలబడి, ఊరి జనంతో షేర్లు కొనిపించి, 1868లో ఆ మొక్కలన్నీ ఫ్రాంక్‌ఫర్ట్‌కు కొనుక్కొచ్చేట్టు చేసినాడు. 1871లో తోట తెరిచినారు. తోట గేటు ముందు రోడ్డుకు ఆయన పేరే ఉంది, జీస్మాయర్ స్ట్రాసె.

రాజ్యం పోయిన రాజు మొక్కల్ని, స్వాతంత్ర్యం పోయిన ఊరు కొనుక్కుంది. ఓడిపోయిన ఇద్దరి మధ్య చెట్లు చేతులు మారినాయి. ఈ కథ తెలిసిన రోజు మాకు మా తోట గుర్తొచ్చింది.

మాది అనంతపురం జిల్లా. ఆకాశంలో మబ్బు కంటే నేల మీద రాయి ఎక్కువ కనిపించే ఊరు. వేరుశనగ ముంచేసినాక మావాళ్ళు బోర్లు వేసి దానిమ్మ పెట్టినారు. గణేష్ రకం, తర్వాత భగువ. దానిమ్మ మెట్ట నేలకు తగిన పంట. దానికి ఒక పద్ధతి ఉంది, మన రైతులకు అందరికీ తెలుసు, బహార్ పట్టడం అంటారు. కావాలని నీళ్ళు ఆపేస్తారు. చెట్టు ఎండుముఖం పట్టి ఆకు రాలుస్తుంది. కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, అప్పుడు నీళ్ళు వదిలితే ఒక్కసారిగా పూత వస్తుంది. అంబె బహార్, మృగ్ బహార్, హస్త్ బహార్ అని కాలాన్ని బట్టి పేర్లు. అంటే చెట్టుకు ముందు విశ్రాంతి, తర్వాతే పూత.

తర్వాత మచ్చ తెగులు వచ్చింది. ఆకు మీద నూనె చుక్క మాదిరి మచ్చ, కాయ మీద నల్లగా పడి పగులు. అది బ్యాక్టీరియా తెగులు, మందులకు ఒక పట్టాన లొంగదు. వానకు, గాలికి, కత్తిరించే కత్తెరకు అంటుకొని చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. కానీ ఊరి నుంచి ఊరికి ఎట్లా పోతుంది? మొక్కలతో పోతుంది. తెగులున్న చెట్టు నుంచి కట్టిన అంటు చూడ్డానికి పచ్చగా, ఆరోగ్యంగానే ఉంటుంది. మేము లారీలో తెచ్చుకున్న అంట్లు కూడా అట్లనే పచ్చగా ఉన్నాయి. మా చేతులతోనే దించుకున్నాం, మా చేతులతోనే నాటుకున్నాం. 2007లో అవే చేతులతో జేసీబీ పిలిచి పీకించినాం. అప్పు మిగిలింది. అదే ఏడు ఖతార్ పోయినాం. అక్కడ తొమ్మిదేళ్ళు, ఆ తర్వాత ఇక్కడికి.

తమ్ముడూ, ఇప్పుడు నీ కొమ్మ సంగతి. 2019 డిసెంబర్ 14 నుంచి యూరప్‌లో ఒక రూలు ఉంది. బయటి దేశం నుంచి ఏ మొక్క తెచ్చినా, కొమ్మ తెచ్చినా, చాలావరకు పండ్లు, కూరగాయలు తెచ్చినా, తెగులు లేదని ఆ దేశం అధికారులు ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. సంచిలో ఒక్క కాయ తెచ్చినా అంతే. మినహాయింపు ఐదు పండ్లకే: అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, దురియన్. దానిమ్మ అందులో లేదు. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే లాక్కుంటారు, జరిమానా కూడా పడొచ్చు.

మొదట్లో ఈ రూలు విన్నప్పుడు మాకూ కోపం వచ్చింది. ఊరి కాయ ఒకటి తెచ్చుకుంటే వీళ్ళ సొమ్మేం పోతుంది అనుకున్నాం. తర్వాత ఆలోచిస్తే, ఆ లారీలో అంట్లు ఎక్కించేటప్పుడు ఎవరైనా ఒక మనిషి నిలబడి కాగితం అడిగి ఉంటే మా తోట ఉండేదేమో. మేము ఖతార్ చూసేవాళ్ళమే కాదేమో. అందుకే వద్దు అన్నాం. పోలీసుకు భయపడి కాదు, తోట పోగొట్టుకున్నోళ్ళం కాబట్టి.

చెట్టు రాకపోయినా విద్య వస్తుంది. దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. బెత్‌మన్ పార్కులో చైనా తోట ఉంది చూడండి, టికెట్ కూడా లేదు. 1989లో చైనా నుంచి పనివాళ్ళు వచ్చి, అక్కడి నుంచే తెచ్చిన రాయి, చెక్క, పెంకులతో కట్టినారు. ఆ ఏడాది బీజింగ్‌లో తియాన్‌మెన్ చౌరస్తాలో చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా దానికి స్వర్గ శాంతి తోట అనే అర్థం వచ్చే పేరు పెట్టినారు. 2017లో నీళ్ళ మీది మంటపానికి ఎవరో నిప్పు పెడితే కాలిపోయింది. మళ్ళీ కట్టినారు. మేము పోయినప్పుడల్లా చెక్క జాయింట్లు చూస్తాం. అది కట్టినోళ్ళు కూడా మన మాదిరి కాంట్రాక్టు మీద వచ్చి, పని చేసి, వెళ్ళిపోయినవాళ్ళే.

ఇప్పుడు మా చెట్టు పద్ధతి చెప్తాం.

కాయ ఇక్కడి అంగడిలోనే కొనండి. గింజ మీది గుజ్జు బాగా కడిగి ఆరబెట్టి, మార్చి, ఏప్రిల్‌లో వేయండి. కొన్ని వారాల్లో మొలుస్తుంది. గింజతో వచ్చిన చెట్టు తల్లి కాయ మాదిరే కాస్తుందని నమ్మకం లేదు, ఆ ఆశ వద్దు. కుండీ అడుగున కచ్చితంగా బెజ్జం ఉండాలి. మట్టిలో సన్న కంకర కలపండి, నీళ్ళు నిలవకూడదు. ఎండ ఎంత ఉంటే అంత మంచిది.

చిన్నగా ఉంచేది మందు కాదు, కత్తెర. రెండేళ్ళకోసారి, చలికాలం పోయి మొగ్గ ఉబ్బే ముందు, చెట్టును కుండీ నుంచి తీసి వేర్లలో మూడో వంతు కోసేయండి. పైన కొమ్మలు కూడా కత్తిరించండి. ముదురు కొమ్మను వంచబోతే పుటుక్కున విరుగుతుంది. లేత కొమ్మకే తీగ చుట్టి వంచాలి. పూత కొత్త చిగురు మీద వస్తుంది, కాబట్టి ఎండాకాలమంతా కత్తిరిస్తా కూర్చుంటే పూత రాదు. కాయ పడితే ఒక్కటే ఉంచండి. అంత చిన్న చెట్టు అంతకంటే మోయలేదు. మాది నాలుగో ఏట పూసింది. పోయినేడు ఒక కాయ నిలిచింది, నిమ్మకాయంత. ముగ్గురం పంచుకున్నాం. పులుపు. అయినా ఒక్క గింజ కూడా పారేయలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చలికాలం. ఇది చెట్టుకు మొదటిదైతే మనిషికీ మొదటిది అవుతుంది. మా మొదటి మొక్కను మేమే చంపినాం. పాపం చలికి వణుకుతుందని హీటర్ పక్కన పెట్టినాం. డిసెంబర్‌లో సన్నగా, తెల్లగా చిగుర్లు వేసింది. చూసి మురిసిపోయినాం. జనవరికి ఎర్రనల్లి పట్టింది, ఫిబ్రవరికి పుల్ల మిగిలింది. వెచ్చగా చూసుకోవడమే ప్రేమ అనుకున్నాం. దానికి కావాల్సింది వెచ్చదనం కాదు, విశ్రాంతి. ఊర్లో నీళ్ళు ఆపి ఇచ్చే విశ్రాంతిని ఇక్కడ చలి ఇస్తుంది. అది మా నాయనకు తెలుసు, వెర్సాయ్‌లో గోడ కట్టిన మేస్త్రీకి తెలుసు, మాకే తెలియలేదు. చెట్టు కొద్దిపాటి మంచుకు చావదు, కానీ కుండీలో వేరు గడ్డకడితే కష్టం. అందుకని అక్టోబర్ చివర్లో ఆకు పసుపు తిరిగినాక కింద కెల్లర్‌లో, గడ్డకట్టని చల్లటి చోట పెట్టండి. ఆకంతా రాలిపోతుంది. చచ్చిపోయిందని పారేయకండి. నెలకు ఒకటి రెండుసార్లు గ్లాసుడు నీళ్ళు చాలు. మే నెల మధ్య వరకు రాత్రిపూట బయట ఉంచొద్దు. ఇక్కడి వాళ్ళు 'ఐస్‌హైలిగె' అని మే 11 నుంచి 15 వరకు లెక్కపెడతారు. ఆ రోజులు దాటినాకే బయట పెట్టండి.

మన సంగతి కూడా ఆలోచించండి. ఇక్కడ చలికాలం పని తగ్గితే మనకు కంగారు. ఇంకో సైట్, ఇంకో చిన్న పని, ఆదివారం కూడా పని. అప్పు ఉన్నోళ్ళను తప్పు పట్టలేం, మేమూ అట్లనే చేసినాం. కానీ పన్నెండు నెలలూ చిగురు వేసే చెట్టు ఏమైందో చెప్పినాం కదా. లీవు దొరికితే వాడుకోండి. ఊరికి పోండి. ఏమీ చేయకుండా నాలుగు రోజులు పడుకోండి.

మాకు వచ్చే వేసవితో ఇక్కడ పని అయిపోవచ్చు. చెట్టును ఊరికి తీసుకుపోలేం, మన దేశంలోనూ ఇట్లాంటి రూల్సే ఉన్నాయి. ఏడేళ్ళుగా దాన్ని మూడో అంతస్తు నుంచి కెల్లర్‌కు, కెల్లర్ నుంచి మూడో అంతస్తుకు మోసినాం. లిఫ్ట్ లేదు. ఆ మెట్లన్నీ మాకు కాళ్ళతో లెక్కే. మేము పోయినాక దాన్ని ఎవరో ఒకరు మోయాలి.

కాబట్టి తమ్ముడూ, కొమ్మ నాయన దగ్గరే ఉండనీ. ఆ చెట్టుకు ఈసారి బహార్ ఎప్పుడు పడతాడో, ఎన్ని రోజులు నీళ్ళు ఆపుతాడో అడిగి తెలుసుకొని రా. అది సూట్‌కేసులో చోటు పట్టదు. నువ్వు వచ్చిన వారానికే కుండీ కిందికి దించే పని ఉంది. ఒక పక్క నువ్వు పట్టుకో, ఒక పక్క మేము పట్టుకుంటాం.